రోజూ అరటిపండ్లు తింటున్నా పొటాషియం సగం కూడా రావడం లేదు, మామూలు తిండితోనే ఎలా సరిపెట్టుకోవాలి?

ఉదయరాగం:
బీపీ బార్డర్‌లో ఉంది, ఇప్పుడే మందులు అక్కర్లేదు, ఉప్పు తగ్గించి పొటాషియం ఉన్నవి బాగా తినండి అన్నారు డాక్టర్. క్రియాటినిన్ నార్మల్, కిడ్నీలకు ఏ ఇబ్బందీ లేదని రిపోర్టు వచ్చింది. రక్తంలో పొటాషియం 4.1, అది కూడా నార్మలే. సరే కదా అని ఫోన్‌లో తిండి లెక్కలేసే యాప్ ఒకటి పెట్టుకున్నాను. ఏ రోజు చూసినా పొటాషియం 1,800, 1,900 మి.గ్రా. దగ్గరే ఆగిపోతోంది, టార్గెట్ మాత్రం 4,700 అని చూపిస్తోంది. పొద్దున ఒక అరటిపండు, సాయంత్రం ఒకటి తింటున్నా ఆ గీత కదలడం లేదు, చూసినప్పుడల్లా టెన్షన్.

నా సందేహాలు ఇవి. రక్తంలో నార్మల్‌గా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ తినమనడం ఎందుకు? 4,700 నిజంగా కావాలా? ఇంత తలనొప్పి లేకుండా ఒక మాత్ర వేసుకుంటే అయిపోదా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

వంటలెక్క:
అరటిపండు దగ్గరే ఆగిపోతే ఎప్పటికీ సరిపోదండీ. మధ్యస్థంగా ఉండే పండు ఒకటి తింటే వచ్చేది 420 మి.గ్రా., రెండు తింటే 840, అంతే. చెడ్డదని కాదు, మంచి పండే, కానీ పొటాషియం అనగానే అందరికీ అదొక్కటే గుర్తుకొస్తుంది. తొక్కతో కాల్చిన బంగాళాదుంప ఒకటి, 170 గ్రాములది, 900 దాటుతుంది. ఉడికించిన పప్పు ఒక కప్పు తింటే 730. ఉడికించిన పాలకూర కప్పు నిండా ఉంటే 800 పైనే, అరకప్పు తిన్నా రెండు పూటల పండులో ఒక పూటది వచ్చేసినట్టే. అదే పచ్చి పాలకూర కప్పు కొలిస్తే 170 కూడా ఉండదు, ఎందుకంటే పచ్చి ఆకు కప్పులో 30 గ్రాములే పడుతుంది, ఉడికాక అణిగిపోయి అదే కప్పులో 180 గ్రాములు పడుతుంది. యాప్‌లో మీరు ఏ పాలకూర ఎంచుకుంటున్నారో ఒకసారి చూడండి.

మీ రోజువారీ తిండి ఏమిటో కూడా రాయండి. అన్నం, బ్రెడ్ ఎక్కువగా ఉండి పక్కన కూర తక్కువగా ఉంటే లెక్క పెరగదు. 100 గ్రాముల తెల్లన్నంలో పొటాషియం 35 మి.గ్రా. మాత్రమే.

నైట్‌డ్యూటీ_నర్స్:
మొదటి ప్రశ్నకు నేను చెప్తాను, ఈ అనుమానం వార్డులో కూడా చాలామంది అడుగుతారు.

ఒంట్లో ఉన్న పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపల ఉంటుంది. రక్త పరీక్షలో మనం చూసేది బయట ఉన్న ఆ మిగతా 2 శాతంలోని సంగతి. ఆ కొంచెం 3.5 నుంచి 5.0 మధ్య కదలకుండా ఉండాలి, లేకపోతే గుండె కొట్టుకునే తీరు మారిపోతుంది, అందుకే శరీరం దాన్ని ప్రాణం పెట్టి కాపాడుకుంటుంది. మీరు తక్కువ తింటే కిడ్నీలు మూత్రంలో వదలడం తగ్గిస్తాయి, ఎక్కువ తింటే ఎక్కువ వదిలేస్తాయి. కాబట్టి 4.1 అనేది మీ కిడ్నీలు, హార్మోన్లు పని చక్కగా చేస్తున్నాయని చెప్తుంది, మీరు ఎంత తింటున్నారో చెప్పదు. తిన్నది తెలియాలంటే 24 గంటల మూత్రం పట్టి చూడాలి, మామూలుగా అంత అవసరం పడదు.

ఇక తినమనడం ఎందుకంటే బీపీ కోసం. పొటాషియం బాగా అందినప్పుడు కిడ్నీలు సోడియాన్ని వెనక్కి లాక్కోవడం తగ్గించి మూత్రంలో బయటికి పంపిస్తాయి. అంటే మీరు ఉప్పు తగ్గించడం ఒక వైపు, తిన్న ఉప్పు బయటికి పోవడం ఇంకో వైపు. రెండూ కలిస్తేనే ఫలితం బాగుంటుంది. మీ డాక్టర్ రెండు మాటలూ కలిపే చెప్పారు, సరైన సలహా.

లేబుల్_చదువరి:
4,700 సంగతి. అది అమెరికాలో 2005లో పెట్టిన అంకె, అక్కడి ప్యాకెట్ల లేబుళ్ల మీద శాతాలు ఇప్పటికీ దాని ప్రకారమే లెక్కేస్తారు, యాప్‌లు అక్కడి నుంచే తీసుకుంటాయి. 2019లో అక్కడి నిపుణుల కమిటీయే మగవాళ్లకు 3,400, ఆడవాళ్లకు 2,600 సరిపోతుందని మార్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో పెద్దవాళ్లందరికీ కనీసం 3,510 అంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 3,500 అంటుంది. మీరు యాప్ సెట్టింగ్స్‌లో 3,500 పెట్టేసుకోండి, టెన్షన్ అక్కడే సగం తగ్గుతుంది.

ఇంకో విషయం, ఇది చాలామందికి తెలియదు. చాలా ప్యాకెట్ల మీద సోడియం రాస్తారు, పొటాషియం రాయరు. మీరు బార్‌కోడ్ స్కాన్ చేస్తే యాప్‌కి ఆ గడిలో ఏమీ దొరకదు, ఖాళీని సున్నాగా కలిపేస్తుంది. పాల ప్యాకెట్ స్కాన్ చేసి చూడండి, పొటాషియం సున్నా అని వస్తే నమ్మకండి, గ్లాసు పాలల్లో దాదాపు 350 ఉంటుంది. పెరుగు, ప్యాకెట్ టమాటా గుజ్జు, జ్యూస్, అన్నిటికీ ఇదే కథ. హోటల్ తిండి ఎంట్రీలైతే ఎవరో వాడేవాళ్లు నింపినవి, కేలరీలు తప్ప ఇంకేమీ ఉండవు. అందుకని మీ 1,800లో కొంత నిజంగా తక్కువ, కొంత లెక్కలోకి రానిది. స్కాన్ చేయకుండా ‘పాలు’, ‘పెరుగు’ అని మామూలు పేరుతో వెతికి, పోషకాలన్నీ నిండుగా ఉన్న ఎంట్రీ ఎంచుకోండి.

ఉదయరాగం:
లేబుల్_చదువరి గారూ, ఇప్పుడే చూశాను, పాలూ పెరుగూ రెండూ సున్నానే! రోజూ రెండూ తీసుకుంటాను. చాలా థాంక్స్.

వంటలెక్క గారూ, మీరన్నది నిజమే, మా ఇంట్లో అన్నం ఎక్కువ, కూర గరిటెడు. పప్పు వారానికి రెండు మూడు సార్లు.

పరుగు_బాట:
మాత్రల గురించి ఎవరూ చెప్పలేదు. నేను లాంగ్ రన్స్ చేస్తాను, పిక్కలు పట్టేసినప్పుడు పొటాషియం తగ్గిందనే అంటారు అందరూ. మా గ్రూపులో కొందరు టాబ్లెట్లు వాడుతున్నారు, కొందరు పరుగు అయ్యాక కొబ్బరినీళ్లు తాగుతారు. సప్లిమెంట్ అయితే కొలత కచ్చితంగా ఉంటుంది కదా, ఈ కప్పుల లెక్కలన్నీ ఎందుకు?

నైట్‌డ్యూటీ_నర్స్:
పరుగు_బాట గారూ, కొలత కచ్చితంగా ఉంటుంది, అది ఎంత కొలతో చూడండి. అమెరికాలో షాపుల్లో నేరుగా అమ్మే పొటాషియం సప్లిమెంట్లలో మాత్రకి 99 మి.గ్రా. మించి సాధారణంగా ఉండదు. అంటే ఒక అరటిపండుకి సమానం కావాలంటే నాలుగు మాత్రలు మింగాలి. ఎందుకంత తక్కువ పెట్టారంటే పొటాషియం క్లోరైడ్ ఒకేచోట గాఢంగా కరిగితే పేగు లోపలి పొర దెబ్బతిని పుండ్లు పడిన సందర్భాలున్నాయి. డాక్టర్ రాసిచ్చే పెద్ద మోతాదు మాత్రలు వేరు, అవి నెమ్మదిగా కరిగేలా చేస్తారు, రక్తంలో పొటాషియం నిజంగా పడిపోయినవాళ్లకి ఇస్తారు, మధ్యమధ్యలో రక్త పరీక్ష చేస్తూనే ఉంటారు. ఎవరికో రాసిన స్ట్రిప్ తీసుకుని సొంతంగా వేసుకునే మందు కాదు అది. దయచేసి మీ గ్రూపులో ఈ మాట చెప్పండి.

తిండిలో వచ్చేది నెమ్మదిగా, నీటితో, పీచుతో కలిసి వస్తుంది, ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు దాన్ని సులువుగా సర్దుకుంటాయి.

పిక్కలు పట్టేయడం సంగతి. లీటరు చెమటలో పొటాషియం సుమారు 200 మి.గ్రా. పోతుంది, సోడియం దానికి ఎన్నో రెట్లు పోతుంది. కాబట్టి మామూలుగా తింటూ పరుగెత్తేవాళ్లకి పిక్కలు పట్టేస్తే పొటాషియమే కారణమని చెప్పడం కష్టం, కండరం అలసిపోవడమే ఎక్కువసార్లు అసలు కారణం. కొబ్బరినీళ్లు మంచివే, గ్లాసుకి 400 నుంచి 600 దాకా పొటాషియం వస్తుంది, కానీ సోడియం తక్కువ, అందుకని బాగా చెమట పట్టాక అవి మాత్రమే తాగితే పోయింది భర్తీ కాదు.

వాంతులు, విరేచనాలు మాత్రం వేరే కథ. వాటిలో పొటాషియం నిజంగానే పోతుంది. అందుకే ఓఆర్ఎస్‌లో ఉప్పు, గ్లూకోజ్‌తో పాటు పొటాషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకి ఒకటిన్నర గ్రాములు. ఇంట్లో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లల్లో అది ఉండదు, దొరికినంతవరకు ప్యాకెట్టే వాడండి.

పరుగు_బాట:
99 అని తెలియదండీ. గ్రూపులో పెడతాను.

వంటలెక్క:
ఎంత కొన్నామన్నదానికన్నా ఎలా వండామన్నది ఇక్కడ ముఖ్యం, అది చెప్పాలనే మళ్లీ వచ్చాను.

పొటాషియం విటమిన్ సి లాంటిది కాదు, మంట మీద పెడితే నాశనం కాదు, అది మూలకం. ఎంత ఉడికించినా, వేయించినా అలాగే ఉంటుంది. కానీ నీళ్లలోకి దిగిపోతుంది. బంగాళాదుంప తొక్క తీసి, చిన్న ముక్కలుగా కోసి, గిన్నె నిండా నీళ్లు పోసి ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే దాదాపు సగం పొటాషియం సింక్‌లోకి పోయినట్టే. తురిమి ఉడికిస్తే ఇంకా ఎక్కువ పోతుంది. అదే దుంపను తొక్కతో, ముక్క చేయకుండా ఉడికిస్తే పోయేది కొంచెమే. ఆవిరి మీద వండినా, కాల్చినా, కొంచెం నీళ్లు పోసి మూతపెట్టి ఆ నీళ్లు ఇగిరిపోయేదాకా ఉంచినా అంతా మీకే మిగులుతుంది.

ఆకుకూర కూడా అంతే. ఉడికించి గట్టిగా పిండినప్పుడు చేతిలోంచి కారే ఆ ఆకుపచ్చ నీళ్లల్లోనే ఉంటుంది మీరు యాప్‌లో వెతుక్కుంటున్నది. పప్పులో ఆకు వేసి కలిపి ఉడికించేస్తే ఎక్కడికీ పోదు. సూప్ అయితే మరీ మంచిది.

టమాటా గురించి కూడా చెప్పాలి. ఒక టమాటాలో 290 దాకా ఉంటుంది, బాగా ఉడికించి దగ్గరపడేదాకా చేసిన గుజ్జులో నీళ్లు పోయి పొటాషియం చిక్కబడుతుంది, అలాంటి పేస్టు 100 గ్రాములు తీసుకుంటే 1,000 దాకా. రెండు చెంచాలు కూరలో కలిపినా లెక్కకు బాగా వస్తుంది, కాకపోతే ఉప్పు కలపనిది చూసుకుని కొనాలి.

ఎండుద్రాక్ష గుప్పెడు తింటే 300 దాకా వస్తుంది. ఎండు ఆప్రికాట్ ఇంకా ఎక్కువ. చక్కెర కూడా అంతే చిక్కగా ఉంటుంది కాబట్టి గుప్పెడు దగ్గర ఆపాలి.

నాన్నకోసం:
అందరూ ఎలా పెంచుకోవాలో మాట్లాడుతున్నారు, మా ఇంట్లో దానికి వ్యతిరేకం. దయచేసి ఇది కూడా చదవండి.

మా నాన్నగారికి షుగర్, బీపీ, టెల్మిసార్టన్ వాడతారు, కిడ్నీ పనితీరు కొంత తగ్గింది. ఉప్పు తగ్గించమన్నారని ఎవరో చెప్తే ‘తక్కువ సోడియం’ ఉప్పు తెచ్చుకుని వాడటం మొదలుపెట్టారు. రుచి కొంచెం చేదుగా ఉందని ఇంకాస్త ఎక్కువ వేసుకునేవారు. మామూలుగా చేయించే పరీక్షలో పొటాషియం 6.2 వచ్చింది. ఆయనకు ఏ బాధా లేదు, నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు, ఈసీజీ తీసి, ఇంజెక్షన్లు ఇచ్చి తగ్గించారు. ఆ ఉప్పు డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంది, పొటాషియం క్లోరైడ్ అని, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగాలని. ముందువైపు పెద్ద అక్షరాల్లో గుండెకు మంచిదని మాత్రమే కనిపిస్తుంది. ఇది నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

కాబట్టి ఉదయరాగం గారిలా కిడ్నీలు బాగున్నవాళ్లు తినండి, బాగా తినండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే మాత్రం ఒకే గిన్నెలో ఒకే ఉప్పుతో అందరికీ వండేముందు వాళ్ల రిపోర్టులూ మందుల చీటీ చూడండి.

నైట్‌డ్యూటీ_నర్స్:
నాన్నకోసం గారూ, ఇది రాసినందుకు చాలా థాంక్స్. మీ నాన్నగారు బాగుండాలి.

మందుల పేర్లు కొన్ని చెప్తాను, ఇవి వాడేవాళ్లు సొంతంగా పొటాషియం పెంచుకోకూడదు. పేరు చివర ‘ప్రిల్’ వచ్చే బీపీ మందులు, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి. ‘సార్టన్’ వచ్చేవి, లోసార్టన్, టెల్మిసార్టన్. స్పైరనోలాక్టోన్. ఇవన్నీ పొటాషియాన్ని ఒంట్లో నిలబెడతాయి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు రోజూ వేసుకునేవాళ్లకి కూడా పెరగొచ్చు. దీనికి వ్యతిరేకంగా ఫ్యూరోసెమైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి మూత్రం మాత్రలు పొటాషియాన్ని తోడేస్తాయి. రెండు రకాలూ కలిపి వాడేవాళ్లుంటారు, వాళ్ల లెక్క డాక్టరే చూడాలి. ఇది చదివి మాత్రం ఎవరూ మందు ఆపేయకండి. వీళ్లలో చాలామంది కిడ్నీలు బాగుంటే మామూలు పండ్లు, కూరలు తింటూనే ఉండొచ్చు, జాగ్రత్తపడాల్సింది ప్రధానంగా ఉప్పు బదులు వాడే పొడుల దగ్గరా మాత్రల దగ్గరా.

ఇంకో మాట. రిపోర్టులో పొటాషియం ఉన్నట్టుండి ఎక్కువ వస్తే ఒక్కోసారి అది శాంపిల్ లోపం కూడా కావచ్చు. రక్తం తీసేటప్పుడు పిడికిలి గట్టిగా బిగించి మళ్లీ మళ్లీ తెరుస్తూ మూస్తూ ఉంటే, లేదా ట్యూబులో రక్తకణాలు పగిలితే లోపలి పొటాషియం బయటికొచ్చి అంకె పెరుగుతుంది. అది శాంపిల్ తప్పో కాదో తేల్చాల్సింది డాక్టర్, మనం ఇంట్లో కూర్చుని అనుకోవడం కాదు.

లేబుల్_చదువరి:
నాన్నకోసం గారి బాధ పూర్తిగా అర్థమైంది. అయినా ఆ ఉప్పు మొత్తానికే చెడ్డదని ఎవరూ అనుకోకూడదని ఇది రాస్తున్నాను. చైనా పల్లెల్లో 600 ఊళ్లలో దాదాపు 21,000 మందితో ఒక పెద్ద పరిశోధన జరిగింది, 2021లో ఫలితాలు వచ్చాయి. సగం ఊళ్లకి మామూలు ఉప్పు, సగానికి నాలుగోవంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. సుమారు ఐదేళ్లు చూశారు. కలిపిన ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది, మరణాలు 12 శాతం తగ్గాయి. కానీ అందులో పాల్గొన్నవాళ్లు అప్పటికే పక్షవాతం వచ్చినవాళ్లో, 60 దాటి బీపీ ఉన్నవాళ్లో, తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లని మాత్రం తీసుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇలాంటి ఉప్పు వాడొచ్చని చెప్తూనే గర్భిణులు, పిల్లలు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి ఆ సలహా వర్తించదని స్పష్టంగా రాసింది.

‘సోడియం తక్కువ’ అని రాసిన సూపులు, చిప్స్, మాంసం ప్యాకెట్లలో కూడా పొటాషియం క్లోరైడ్ వేస్తుంటారు, పదార్థాల జాబితాలో ఈ508 అని ఉంటే అదే.

ఉదయరాగం:
ఇన్ని తెలుసుకున్నాక మాత్రల ఆలోచన మానేశాను. ఇప్పుడు ఇంకో ప్రశ్న. అమ్మకి షుగర్ ఉంది, బంగాళాదుంప తినొద్దంటుంది, నాకు వేరేగా వండటం కుదరదు. దుంప లేకుండా కుదురుతుందా? ఒక రోజు ఎలా ఉంటే 3,500 దగ్గరికి వస్తుందో ఎవరైనా చెప్పగలరా?

వంటలెక్క:
తప్పకుండా కుదురుతుంది. ముందు అమ్మగారి కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేశారో చూడండి, షుగర్ ఉన్నవాళ్లకి అది లేకుండా నేను ఏమీ చెప్పను. ఈ కింది లెక్క మీకు మాత్రమే.

పప్పు వారానికి రెండు సార్లు కాదు, రోజూ ఒక కప్పు చేయండి, 730. మర్నాడు పప్పు బదులు రాజ్మా గింజలు ఉడికించి కప్పు తింటే 710 దాకా, తెల్ల బీన్స్ అయితే 1,000. ఉడికించిన ఆకుకూర అరకప్పు, 420. ఒక గ్లాసు పాలు, 350. పెరుగు కప్పు, వెన్న తీయనిదైతే 350 పైన, వెన్న తీసినదైతే 550 పైన. టమాటా ఒకటి, 290. అరటిపండు ఒకటి చాలు, 420. ఇప్పటికే 2,500 దాటింది చూడండి. ఇందులో దుంప లేదు. మిగతాది దానంతట అదే వస్తుంది. కమలాపండు తింటే 230, ఇంకో కూర వండితే 200, 300, కాఫీ కప్పుకి 100 పైన, కోడిగుడ్డుకి 70, చేప లేదా చికెన్ 100 గ్రాములు తింటే 250 నుంచి 400. మాంసం తినకపోయినా ఇబ్బంది లేదు, పప్పు ఇంకో అరకప్పు పెరిగితే సరి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది కంచంలో కూరకీ అన్నానికీ ఉన్న పాళ్లు మార్చడం. గరిటెడు కూర కాకుండా కంచంలో సగం కూర, పప్పు ఉంటే మీరు యాప్ చూడకపోయినా సరిపోతుంది. ఉన్నపళంగా పప్పు, గింజలు పెంచేస్తే కడుపు ఉబ్బరంగా ఉంటుంది, వారం వారం కొంచెం పెంచండి.

మెట్లదారి:
మధ్యలో వస్తున్నాను, కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర తినొచ్చా? మా డాక్టర్ తగ్గించమన్నారు, ఇక్కడ అందరూ అదే చెప్తున్నారు.

నైట్‌డ్యూటీ_నర్స్:
కాల్షియం ఆక్సలేట్ రాళ్లు అయితే మీ డాక్టర్ చెప్పిందే వినండి, పాలకూరలో ఆక్సలేట్ చాలా ఎక్కువ. పొటాషియం కోసం దాని మీదే ఆధారపడనక్కర్లేదు. పాలు, పెరుగు, కమలాపండు, అరటిపండు మీకు బాగా సరిపోతాయి, పైగా నిమ్మ, కమలా జాతి పండ్లలో ఉండే సిట్రేట్ రాళ్లు ఏర్పడకుండా సాయం చేస్తుంది.

ఉదయరాగం:
యాప్‌లో పాలు, పెరుగు, టమాటా ఎంట్రీలు మార్చేశాను, పప్పు రోజూ చేస్తున్నాను, ఇప్పుడు చాలా రోజులు 3,000 పైనే చూపిస్తోంది. అమ్మ కిడ్నీ పరీక్షకి శాంపిల్ ఇచ్చి వచ్చాం. చివరిగా ఒకటి, పని ఎక్కువున్న రోజు డబ్బాలో వచ్చే ఉడికించిన బీన్స్ వాడొచ్చా, వాటిలో ఉప్పు ఎక్కువంటారు?

వంటలెక్క:
వాడొచ్చు. ఉప్పు కలపనివి దొరికితే అవే కొనండి. దొరక్కపోతే జల్లెడలో వంపి, ఆ జిగురు నీళ్లు పోయేదాకా కుళాయి కింద బాగా కడగండి, ఉప్పు చాలావరకు పోతుంది. పొటాషియం కూడా కొంత పోతుంది, కానీ గింజలో ఉండేది ఇంకా బాగానే ఉంటుంది. ఆ రోజు కూరలో వేరే ఉప్పు వేయకండి.

నాన్నకోసం:
అమ్మగారి రిపోర్టు వచ్చాక డాక్టర్‌కి చూపించేటప్పుడు ఆవిడ వేసుకునే మందులన్నీ ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి, నొప్పి మాత్రలు, పొడులు కూడా. మేము అలా తీసుకెళ్లినప్పుడే నాన్నగారికి ఏది తినొచ్చు ఏది వద్దు అనేది స్పష్టంగా రాసిచ్చారు.